స్పిట్‌ఫైర్ ప్రత్యేక రకాలు: తుపాకులు తీసేసిన విమానమే ఎక్కువ సాధించిందా?

#1 గగనవిహారి

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం స్పిట్‌ఫైర్ గురించి ఎక్కడ మాట మొదలైనా 1940 నాటి బ్రిటన్ గగనతల యుద్ధం దగ్గరే ఆగిపోతుంది. ఎనిమిది మెషిన్‌గన్లు, అండాకారపు రెక్కలు, జర్మన్ ఫైటర్ మెస్సర్‌ష్మిట్ 109తో ద్వంద్వ యుద్ధాలు. ఆ కథ ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు, కాదనను. కానీ 20 వేలకు పైగా తయారైన ఈ విమానాన్ని ఎన్ని పనులకు మలిచారో చూడండి. నౌక మీద దిగేది ఒకటి, నీటి మీద తేలేది ఒకటి, 40 వేల అడుగులు దాటి ఎక్కేది ఒకటి, చెట్ల ఎత్తున దూసుకుపోయేది ఒకటి, కెమెరాలు తప్ప మరే ఆయుధమూ మోయనిది ఒకటి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ప్రత్యేక రకాలన్నింటిలో యుద్ధ గమనాన్ని ఎక్కువగా మార్చింది తుపాకులు తీసేసిన నిఘా స్పిట్‌ఫైర్. ఒప్పుకునేవారూ, ఒప్పుకోనివారూ రాయండి. రకం పేరు చెప్పి ఊరుకోకుండా, అందులో ఏం మార్చారో, ఎందుకు మార్చారో కూడా రాస్తే బాగుంటుంది.

#2 మెర్లిన్61

ఒప్పుకోను. ఆకాశం మన చేతిలో లేకపోతే నిఘా విమానం ఏ రన్‌వే మీద నుంచి లేస్తుంది?

1941 చివర్లో జర్మన్ ఫైటర్ ఫోకె వుల్ఫ్ 190 రంగంలోకి దిగాక మార్క్ 5 (మార్క్ అంటే రకం సంఖ్య) స్పిట్‌ఫైర్లు దాని ముందు తేలిపోయాయి. అప్పుడు ఆదుకున్నది మార్క్ 9. మార్క్ 5 శరీరంలోనే రెండు దశల సూపర్‌చార్జర్ ఉన్న మెర్లిన్ 61 ఇంజను అమర్చారు. మొదటి దశలో నొక్కిన గాలిని రెండో దశ మళ్లీ నొక్కుతుంది. నొక్కిన కొద్దీ గాలి వేడెక్కుతుంది కాబట్టి దాన్ని చల్లబరచడానికి వేరే ఏర్పాటు ఉంటుంది. పైన గాలి పలచబడ్డా ఇంజనుకు ఊపిరి ఆడుతూనే ఉంటుంది. 1942 జూలైలో 64వ స్క్వాడ్రన్ వీటితో రంగంలోకి దిగింది. మెరుగైన రకం వచ్చేదాకా తాత్కాలికంగా అనుకున్న ఈ మార్క్ 9, యుద్ధం ముగిసేదాకా నిలిచి 5 వేలకు పైగా తయారైంది.

#3 నిఘానేత్రం

మెర్లిన్61 గారూ, మార్క్ 9 గొప్పదే, కానీ అది ప్రధాన రకం. ఇక్కడ చర్చ ప్రత్యేక రకాల గురించి. నేను గగనవిహారి గారి పక్షం. ఈ కథ ఎలా మొదలైందో కాస్త వివరంగా రాస్తాను.

యుద్ధానికి ముందు బ్రిటిష్ వాయుసేన నిఘా కోసం బ్లెన్‌హైమ్ బాంబర్లను, లైసాండర్లను నమ్ముకుంది. ఆ విమానాలు జర్మన్ ఫైటర్ల ముందు నిలవలేవని 1939లోనే మారిస్ లాంగ్‌బాటమ్ అనే యువ అధికారి పై అధికారులకు నివేదిక ఇచ్చాడు. నిఘా విమానం పోరాడనక్కరలేదు, దొరకకుండా ఉంటే చాలు. కాబట్టి ఉన్నవాటిలో అత్యంత వేగవంతమైన ఫైటర్‌ను తీసుకోండి, తుపాకులు, రేడియో తీసేయండి, మిగిలిన బరువుకు సరిపడా పెట్రోలు, కెమెరాలు పెట్టండి. అతని వాదన ఇంతే. దాన్ని ఆచరణలో పెట్టినవాడు సిడ్నీ కాటన్. లండన్ పక్కనున్న హెస్టన్‌లో ఒక రహస్య దళాన్ని నడుపుతూ, ఫైటర్ కమాండ్ ఒక్కో విమానాన్ని లెక్కపెట్టుకుంటున్న రోజుల్లో రెండు స్పిట్‌ఫైర్లు సంపాదించాడు. రెక్కల్లో తుపాకులు తీసి, ఒక్కో రెక్కలో ఒక్కో ఎఫ్.24 కెమెరా నిలువుగా కిందికి చూసేలా బిగించారు. లోహపు రేకుల మధ్య సందులు పూడ్చి, పైన నున్నగా పాలిష్ పట్టారు. 1939 నవంబర్ 18న ఫ్రాన్సులోని సెక్లాన్ నుంచి ఆ విమానం 33 వేల అడుగుల ఎత్తున ఆకెన్ వైపు బయలుదేరింది. నడిపింది లాంగ్‌బాటమే.

అసలు చిక్కు ఫొటోలు తీయడంలో లేదు, తీసిన ఫొటోలో ఏముందో కనిపించడంలో ఉంది. తొలి కెమెరాలకు 5 అంగుళాల లెన్సు. 33 వేల అడుగుల నుంచి తీస్తే ఫొటో మీద ఒక మిల్లీమీటరు నేల మీద దాదాపు 80 మీటర్లకు సమానం. ఆ కొలతలో ట్యాంకు కాదు కదా, చిన్న ఓడ కూడా చుక్కే. అందుకే లెన్సులు 8, 20, చివరికి 36 అంగుళాల దాకా పెరిగాయి. 36 అంగుళాల లెన్సుతో అదే ఎత్తు నుంచి ఒక మిల్లీమీటరుకు 11 మీటర్లు. అంత పొడవాటి లెన్సు పలచటి రెక్కలో పట్టదు కాబట్టి కెమెరాలు పైలట్ వెనక, విమానం పొట్టలోకి మారాయి. పైన చలికి లెన్సు మీద తేమ గడ్డకట్టకుండా రేడియేటర్ నుంచి వేడి గాలిని గొట్టం ద్వారా కెమెరాల గదికి పంపేవారు.

ఇక దూరం. నిఘా స్పిట్‌ఫైర్లకు అక్షరాలతో పేర్లు పెట్టారు. వాటిలో డి రకంలో రెక్క ముందు అంచునే పెట్రోలు ట్యాంకుగా మార్చేశారు. ఫైటర్‌లో తుపాకులు ఉండే ఆ చోట, రెండు రెక్కలూ కలిపి చివరికి 130 గ్యాలన్లకు పైగా పట్టేది. 1940 అక్టోబర్ చివర్లో ఈ రకం బాల్టిక్ తీరంలోని స్టెట్టిన్ దాకా వెళ్లి ఫొటోలు తీసుకుని తిరిగొచ్చింది. ఐదు గంటలకు పైగా గాలిలో, వెచ్చదనం లేని కాక్‌పిట్‌లో, ఒంటరిగా. మామూలు స్పిట్‌ఫైర్ ఇందులో సగం సేపు కూడా ఉండలేదు.

ఫలితాలు చూడండి. 1941 మే 21న స్కాట్లాండ్‌లోని విక్ నుంచి లేచిన మైకేల్ సక్లింగ్, నార్వేలో బెర్గెన్ దగ్గర లంగరేసిన బిస్మార్క్ యుద్ధనౌకను ఫొటో తీశాడు. ఆరు రోజుల్లో అది సముద్రం అడుగుకు చేరింది. 1942 మే 15న డొనాల్డ్ స్టీవెంటన్ దారిలో కనిపించిన పీనెముండే విమానాశ్రయాన్ని, పక్కనే ఉన్న వింత గుండ్రటి మట్టిగట్టులను ఫొటో తీశాడు. జర్మన్ రాకెట్ల గుట్టు తర్వాత అక్కడే బయటపడింది. 1943 మే 17 ఉదయం బెన్సన్ నుంచి వెళ్లిన జెర్రీ ఫ్రే, ముందు రాత్రి బాంబులు పగలగొట్టిన జర్మనీలోని మోనే ఆనకట్ట గండిని తీశాడు. ఈ విమానాలు ఒక్క తూటా పేల్చలేదు.

#4 విమానప్రియ

నిఘానేత్రం గారూ, ధన్యవాదాలు. ఒక సందేహం. తుపాకులు లేవు, తోడు లేదు. వెనక శత్రు ఫైటర్ కనిపిస్తే పైలట్ ఏం చేసేవాడు?

#5 నిఘానేత్రం

విమానప్రియ గారూ, ముందుగా చూడటమే అతని కవచం. నిఘా రకాల కాక్‌పిట్ గాజుకు రెండు పక్కలా బయటికి ఉబ్బిన భాగాలు ఉండేవి. తల వాటిలోకి వంచితే వెనకా, కిందా కనిపిస్తుంది. ముందు అద్దం ఫైటర్లలోలా మందపాటి తూటారక్షణ గాజు కాదు, ఒకే వంపు తిరిగిన పలచటి అద్దం. బరువూ తగ్గింది, గాలి ఒరిపిడీ తగ్గింది.

ప్రాణాలకు అసలు ముప్పు విమానం వెనక పడే తెల్లటి చార. ఒక ఎత్తు దాటితే ఇంజను ఆవిరి గడ్డకట్టి, ఆకాశంలో సున్నంతో గీత గీసినట్టు కనిపిస్తుంది. పైలట్ అద్దంలో దాన్ని గమనిస్తూ, చార మొదలవగానే కొద్దిగా దిగి, సరిగ్గా ఆ పొరకు అడుగున ఎగిరేవాడు. తన మీదికి రావాలంటే శత్రువు ఆ పొరలోంచే దిగాలి, అప్పుడు వాడి చార వాడినే పట్టిస్తుంది. కనిపించిన మరుక్షణం ఇంజను పూర్తిగా తెరిచి ఇంటిదారి పట్టడమే.

అయినా ఎందరో తిరిగి రాలేదు. బిస్మార్క్‌ను ఫొటో తీసిన సక్లింగ్ రెండు నెలలకే ఫ్రాన్స్ వైపు వెళ్లి మరి కనిపించలేదు.

#6 సముద్రగాలి

నిఘా, ఎత్తు అన్నీ సరే. ఈ విమానాన్ని నౌక మీదికి ఎక్కించిన సంగతి ఎవరూ ఎత్తరేం? నేను విమానవాహక నౌక డెక్ మీద పనిచేసి రిటైరయ్యాను. స్పిట్‌ఫైర్ నౌకాదళ రకమైన సీఫైర్ గురించి చదివినప్పుడల్లా ఆ పైలట్లకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

స్పిట్‌ఫైర్ గడ్డి మైదానం మీద దిగడానికి పుట్టింది. చక్రాల కాళ్లు సన్నవి, పైగా దగ్గరదగ్గరగా ఉంటాయి. ముక్కు పొడవు, దిగేటప్పుడు అది ఎదుటి డెక్‌ను పూర్తిగా కప్పేస్తుంది. అందుకే పైలట్లు నేరుగా రాకుండా వంపు తిరుగుతూ, డెక్ ఒక పక్కన కనిపిస్తుండగా వచ్చి, ఆఖరి క్షణంలో నిటారు చేసేవారు. ఊగే నౌక మీద అది కత్తి మీద సామే. ఇలాంటి విమానానికి తోక కింద కొక్కెం తగిలించి నౌకాదళానికి ఇచ్చారు. మార్క్ 3 నుంచి రెక్కలు మడిచే ఏర్పాటు వచ్చింది.

1943 సెప్టెంబర్ 9న ఇటలీలోని సలెర్నో దగ్గర సేనలు దిగినప్పుడు పైన కాపలా సీఫైర్లదే. అటాకర్, బాట్లర్, హంటర్, స్టాకర్ అనే చిన్న నౌకల మీదా, యూనికార్న్ మీదా ఉన్నాయి. గాలి దాదాపు లేదు. ఎదురుగాలి లేకపోతే, నెమ్మదిగా కదిలే నౌక మీద విమానం ఎక్కువ వేగంతో దిగాలి. కాళ్లు విరిగాయి, తోకలు వంగాయి, ముక్కు ముందుకు వాలి ప్రొపెల్లర్లు డెక్‌ను కొట్టాయి. ప్రొపెల్లర్ కొసలు రంపంతో కొద్దిగా కోసి మళ్లీ ఎగరేశారు! తీరంలో విమానాశ్రయం వెంటనే చేతికొస్తుందన్న లెక్క తప్పడంతో కాపలా రోజులు పెరిగాయి. మొదట 106 సీఫైర్లు ఉంటే 11వ తేదీ తెల్లవారేసరికి ఎగరగలిగినవి 39. ఎక్కువ నష్టం శత్రువు వల్ల కాదు, డెక్ వల్ల.

ఇలా రాస్తే సీఫైర్ దండగమారిది అనుకోవద్దు. తక్కువ ఎత్తులో నౌకలను కాచడానికి దానికి మించిన వేగంతో పైకి ఎక్కేది బ్రిటిష్ నౌకాదళం దగ్గర లేదు. 1945 ఆగస్టు 15న, యుద్ధం ముగిసిన రోజు ఉదయం కూడా ఇండిఫాటిగబుల్ నౌక నుంచి లేచిన సీఫైర్లు జపాన్ జీరో ఫైటర్లతో తలపడ్డాయి.

#7 మెర్లిన్61

సముద్రగాలి గారూ, ఆ ఆఖరి రోజు పోరు ప్రస్తావించినందుకు సంతోషం. మామూలు స్పిట్‌ఫైర్లను కూడా నౌకల మీద నుంచి మాల్టాకు పంపారు కదా. స్పిట్‌ఫైర్ ఫ్లాపులు (రెక్క వెనక అంచున కిందికి వాలే పలకలు) పూర్తిగా పైన గానీ పూర్తిగా కింద గానీ ఉండాలి, మధ్యలో ఆగవు. డెక్ మీద నుంచి లేవడానికి మధ్యస్థంగా కావాలి. అందుకు ఫ్లాపు సందులో చెక్క ముక్కలు దూర్చి మూసేవారు. పైకి లేచాక పైలట్ ఒకసారి ఫ్లాపులు పూర్తిగా దించితే ముక్కలు సముద్రంలో పడిపోతాయి, అప్పుడు మూసుకుంటాడు. 1942లో ఈగిల్, వాస్ప్ నౌకల మీద నుంచి వెళ్లినవి ఇలాగే లేచాయి.

ఇక నా వాదనకు వస్తాను. మార్క్ 9 ప్రధాన రకం అన్నారు కాబట్టి, పోరాడే రకాల్లోనే ప్రత్యేకమైనవి రెండు చెబుతాను.

మొదటిది తక్కువ ఎత్తులో పోరాడే, కురచ రెక్కల ఎల్.ఎఫ్. మార్క్ 5. రెక్క కొసలు తీసేసి కట్టెతో మూశారు. పక్కకు దొర్లడంలో ఫోకె వుల్ఫ్‌ను అందుకోవాలన్నది లక్ష్యం. సూపర్‌చార్జర్ చక్రాన్ని కూడా చిన్నది చేశారు. దాంతో కింద బలం పెరిగింది, పైకి వెళితే చతికిలపడేది. పైగా చాలావరకు బాగా వాడేసిన పాత విమానాలు కావడంతో పైలట్లు వాటిని తిట్టుకుంటూనే నడిపారు.

రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం, మార్క్ 6. యుంకర్స్ 86 అనే జర్మన్ విమానం 40 వేల అడుగులకు పైన తిరుగుతుంటే దాన్ని అందుకోవడానికి చేసింది. రెక్క కొసలు పొడిగించి మొనదేల్చారు, కాక్‌పిట్‌లో గాలి ఒత్తిడి నిలిపారు. ఒత్తిడి కారిపోకుండా ఉండాలని పై మూతను భూమి మీదే బయటి నుంచి బిగించేవారు. పైలట్ దాన్ని వెనక్కి జరపలేడు, ప్రమాదమైతే ఊడగొట్టి విసిరేయడమే. సుమారు 100 మాత్రమే చేశారు.

చివరికి యుంకర్స్‌ను అందుకున్నది మార్క్ 6 కాదు, బరువు దించేసిన మార్క్ 9. 1942 సెప్టెంబర్ 12న ఎమాన్యుయెల్ గలిట్సిన్ సౌతాంప్టన్ మీద దాదాపు 43 వేల అడుగుల ఎత్తున దానితో తలపడ్డాడు. మెషిన్‌గన్లు, కవచం తీసేసి రెండు ఫిరంగులే ఉంచారు. చలికి ఒకటి పేలలేదు. ఒక పక్క ఫిరంగి మాత్రమే పేలడంతో ప్రతిసారీ విమానం పక్కకు తిరిగిపోయింది. యుంకర్స్‌కు ఒక్కటే గుండు తగిలి, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడింది. తర్వాత ఆ ఎత్తు నుంచి బ్రిటన్ మీద దాడులు ఆగిపోయాయి.

#8 గగనవిహారి

మెర్లిన్61 గారూ, ఆ విజయం కూడా తీసేయడం వల్లనే వచ్చింది కదా! మీ ఉదాహరణ నా వాదననే బలపరుస్తోంది. కవచం, మెషిన్‌గన్లు, బరువు తీసేశాకే 43 వేల అడుగులు అందింది.

#9 మెర్లిన్61

రెండు ఫిరంగులు ఉంచారండీ. అవి లేకపోతే గలిట్సిన్ అంత ఎత్తుకు వెళ్లి చేసేదేముంది?

#10 గోల్కొండవాసి

మన వైపు సంబంధం ఒకటి చెబుతాను. బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్ పేరులో ‘హైదరాబాద్’ ఉండేది. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా పెట్టారు. దళ చిహ్నంలో నిజాం తలపాగా, కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అనే అర్థం వచ్చే నినాదం. ఆ దళం 1940లో వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లతో పోర్ట్‌లాండ్ రేవును కాచింది. తర్వాత బర్మా రంగానికి వచ్చి మార్క్ 8లతో పోరాడింది. వాటి పక్కల మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది.

234వ దళం పేరులో ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ ఉండేది, అదీ స్పిట్‌ఫైర్ల దళమే. అప్పట్లో కోస్తా, రాయలసీమ ఆ ప్రెసిడెన్సీలోనివే. ఒక స్పిట్‌ఫైర్‌కు 5 వేల పౌండ్లు అని నామమాత్రపు ధర కట్టి విరాళాలు సేకరించేవారు. అసలు ఖర్చు అంతకు చాలా ఎక్కువ.

#11 విమానప్రియ

నీటి మీద తేలే స్పిట్‌ఫైర్ నిజంగా ఎగిరిందా? ఫొటో చూశాను కానీ నమ్మబుద్ధి కాలేదు.

#12 సముద్రగాలి

ఎగిరింది. నార్వే యుద్ధం నాటి ఆలోచన అది, రన్‌వేలు లేనిచోట పనికొస్తుందని. 1942 అక్టోబర్‌లో పరీక్షా పైలట్ జెఫ్రీ క్విల్ నీటి మీద తేలే తెప్పలు అమర్చిన మార్క్ 5ను నడిపాడు. మూడు విమానాలను అలా మార్చి, ఏజియన్ ద్వీపాల్లో వాడదామని ఈజిప్టుకు పంపారు. ఆ ద్వీపాలు జర్మన్ల వశం కావడంతో పని పడలేదు. చూడటానికి అందంగా ఉంటుంది, యుద్ధంలో దాని పాత్ర లేదు. అంతకంటే చెప్పేందుకు ఏమీ లేదు.

#13 గగనవిహారి

పి.ఆర్. 11 (పి.ఆర్. అంటే ఫొటో నిఘా రకం) గురించి ఒక సంగతి చేర్చకుండా ఉండలేను. ధ్వని వేగం దగ్గర విమానాలు ఎందుకు అదుపు తప్పుతున్నాయో తెలుసుకోవడానికి బ్రిటన్ విమాన పరిశోధన కేంద్రం ఫార్న్‌బరోలో పరీక్షలు జరిగాయి. అందుకు ఎంచుకున్నది ఈ నిఘా రకాన్నే. రెక్క పలుచన, పైన ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. 1944 ఏప్రిల్‌లో ఆంథొనీ మార్టిండేల్ ఏటవాలుగా కిందికి దూకుతుండగా ప్రొపెల్లర్, దాని గేరు పెట్టె ఊడిపోయాయి. అప్పటి వేగం ధ్వని వేగంలో 92 శాతంగా నమోదైంది. ముక్కు బరువు ఒక్కసారిగా పోవడంతో విమానం తోక వైపు మొగ్గి, దానంతటదే దాదాపు 40 వేల అడుగులకు లేచింది. మార్టిండేల్ స్పృహ వచ్చేసరికి రెక్కలు కొద్దిగా వెనక్కి వంగి ఉన్నాయి. ఇంజను లేకుండా 32 కిలోమీటర్లు జారుతూ వచ్చి ఆ విమానాన్ని విమానాశ్రయంలోనే దించాడు. చెట్లలో పడేసి పారాచూట్‌తో దూకి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. పరికరాల్లోని నమోదులు చేతికి రావాలనే పట్టుదల అది.

#14 గోల్కొండవాసి

తూర్పు రంగంలో నిఘా స్పిట్‌ఫైర్లు కలకత్తా నుంచే ఎగిరాయి. 1942 చివర్లో తొలి పి.ఆర్. 4లు వచ్చాయి, తర్వాత 681వ దళం వాటితో బర్మా అంతా ఫొటోలు తీసింది. అడవి కప్పిన రైలుమార్గాల మీద ఏ వంతెన నిలిచి ఉందో, ఏది కూలిందో నేల మీది సైన్యానికి ఇంకే దారిలోనూ తెలిసేది కాదు. అందుకే గగనవిహారి గారి మాట నాకూ సబబే అనిపిస్తోంది.

ఇంకో పక్క కూడా ఉంది. 1943 చివర్లో మార్క్ 5 ఫైటర్లు చిట్టగాంగ్ వైపు చేరగానే చేసిన మొదటి పని జపాన్ నిఘా విమానాలను కూల్చడం. అంతవరకూ హరికేన్ ఫైటర్లకు అవి అందేవి కావు. శత్రువు కళ్లు పొడవడానికి తుపాకులున్న స్పిట్‌ఫైరే కావాల్సి వచ్చింది. మెర్లిన్61 గారి వాదనకు దీనికి మించిన సాక్ష్యం లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక మన వాయుసేన పోరాడే రకాలనూ, గ్రిఫన్ ఇంజనున్న పి.ఆర్. 19లనూ రెంటినీ నడిపింది. 1947లో కశ్మీర్ మీద దాడి జరిగినప్పుడు అంబాలా శిక్షణ కేంద్రం నుంచి స్పిట్‌ఫైర్లు శ్రీనగర్ వెళ్లి, నవంబర్ 7న ఆ ఊరి దగ్గరి షాలతెంగ్ పోరులో పాల్గొన్నాయి.

#15 బొమ్మవిమానాలు

చర్చ చదువుతూ ఒక నిర్ణయానికి వచ్చాను. 1:48 కొలతలో పి.ఆర్. జి రకం నమూనా కట్టబోతున్నాను. గులాబీ రంగు వేయాలని ఒకరు, నీలం వేయాలని ఇంకొకరు అన్నారు. ఏది సరి? ఎటూ నిఘా రకమే కాబట్టి రెక్క ముందున్న తుపాకీ రంధ్రాలు పూడ్చేస్తున్నాను.

#16 నిఘానేత్రం

రంధ్రాలు పూడ్చకండి. జి రకంలో ఎనిమిది మెషిన్‌గన్లూ అలాగే ఉంచారు. ఇది మేఘాల అడుగున, నేలకు దగ్గరగా వెళ్లే రకం కాబట్టి ఎదురుపడితే కాచుకోవాలి. కింది నుంచి మేఘం నేపథ్యంలో కలిసిపోవాలని లేత గులాబీ వేసేవారు. ముదురు గులాబీ వేయవద్దు, దాదాపు తెలుపే అనిపించేంత లేతగా ఉండాలి. నీలం ఎత్తున ఎగిరే రకాలకు. మీరు ఎంచుకున్న విమానం ఫొటో దొరికితే దాన్ని బట్టే నిర్ణయించుకోండి.

పైలట్ వెనక ఎడమవైపు వాలుగా చూసే కెమెరా కోసం చిన్న కిటికీ ఉంటుంది, దాన్ని మరవకండి. కాక్‌పిట్ గాజు ఎడమ ఉబ్బు మీద చిన్న గుర్తు, రెక్క వెనక అంచున కదిలే పలక (ఐలరాన్) మీద నల్లటి గీత కూడా వేయండి. రెండూ ఒకే వరుసలోకి వచ్చేలా తల పెట్టి పైలట్ గురి చూసేవాడు. తక్కువ ఎత్తున, అంత వేగంలో, లక్ష్యం కళ్ల ముందుండేది లిప్తపాటే. 1941 డిసెంబర్‌లో టోనీ హిల్ ఫ్రాన్స్ తీరంలోని బ్రూనవాల్ జర్మన్ రాడార్‌ను పక్క నుంచి ఫొటో తీసింది ఇలాంటి వాలు కెమెరాతోనే. ఆ ఫొటోల ఆధారంగానే 1942 ఫిబ్రవరిలో పారాట్రూపర్లు దిగి ఆ రాడార్ భాగాలు విప్పుకొచ్చారు.

కట్టడం పూర్తయ్యాక ఎడమవైపు నుంచి తీసిన ఫొటో ఇక్కడ పెట్టండి, కెమెరా కిటికీ కనిపించేలా.